ముందు దారి, వెనుక జంతువు

సభకు నమస్కారం.

అడవి జంతువులు ఒకప్పుడు తమ జాడే లేని ప్రాంతాలకు ఎలా చేరుకుంటాయన్న ఈ విషయాన్ని ఒక కొంగతో మొదలుపెడతాను. మేస్తున్న పశువుల కాళ్ళ దగ్గర తిరుగుతూ, గడ్డిలోంచి ఎగిరిపడే మిడతలను ఏరుకు తినే చిన్న తెల్ల కొంగ అది. ఆఫ్రికాలోనూ, దక్షిణాసియాలోనూ, ఐరోపా దక్షిణపు అంచుల్లోనూ చిరకాలంగా ఉన్న ఆ పక్షి 1877 ప్రాంతంలో దక్షిణ అమెరికా ఉత్తర తీరాన, గయానా, సురినామ్ సరిహద్దుల్లో కనిపించింది. దాన్ని ఎవరూ ఓడలో తేలేదు, పంజరం తెరిచి వదలలేదు. అట్లాంటిక్ మహాసముద్రం బాగా ఇరుకైన చోట కూడా రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా వెడల్పు ఉంటుంది. గాలివాలులో పడి అంత దూరమూ అది తన రెక్కల మీదే దాటిందని పక్షి శాస్త్రజ్ఞుల అభిప్రాయం. 1941లో ఫ్లోరిడాలో కనిపించింది. 1953లో అక్కడ గూళ్ళు కట్టింది. 1962 నాటికి కెనడాలో పిల్లలను లేపింది.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆఫ్రికా నుంచి పడమటికి వీచే గాలులు 19వ శతాబ్దంలో కొత్తగా పుట్టినవి కావు. అంతకు ముందు వేల ఏళ్ళలో దారి తప్పిన కొంగలు ఎన్నో ఆ తీరాన వాలి ఉంటాయని ఊహించడం కష్టం కాదు. మరి అవి ఎందుకు నిలదొక్కుకోలేదు? వాటికి అక్కడ పశువులు లేవు. ఐరోపావారు వలస వచ్చి, అడవులు నరికి, పచ్చిక బయళ్ళు చేసి, మందలను తోలిన తర్వాతే ఆ ఖండంలో ఈ కొంగ బతుకుకు సరిపడే చోటు ఏర్పడింది. రెక్కలు కొంగవే, నేలను సిద్ధం చేసినది మాత్రం మనిషి. ఈ ఉపన్యాసంలో నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే: కొత్త జంతువు కనిపించినప్పుడు మన చూపు జంతువు మీదనే నిలిచిపోతుంది, దానికి ముందే తెరుచుకున్న దారిని మనం వెతకం. వెతికితే, ఆ జంతువుతో ఏం చెయ్యాలన్న ప్రశ్నకు కూడా జవాబు చాలావరకు అక్కడే దొరుకుతుంది.

ముందుగా ‘తెలియని’ అన్న మాట గురించి కొంచెం జాగ్రత్తపడాలి. ఎవరికి తెలియని జంతువు, ఎంతకాలంగా తెలియని జంతువు అన్నది చూడకపోతే పొరబడతాం. గుర్రం పుట్టినిల్లు ఉత్తర అమెరికా. కోట్ల ఏళ్ళ పాటు అక్కడే పరిణామం చెంది, ఆసియాకు దాటి, తరువాత సుమారు పదివేల ఏళ్ళ కిందట స్వస్థలంలోనే అంతరించింది. 16వ శతాబ్దంలో స్పెయిన్ వారి ఓడల్లో తిరిగి దిగినప్పుడు అక్కడి ప్రజలు దాన్ని కనీవినీ ఎరుగని మృగంలాగే చూశారు. అంతదూరం పోనక్కరలేదు. జర్మనీలో తోడేళ్ళను వేటాడి తుడిచిపెట్టిన తర్వాత సుమారు నూట యాభై ఏళ్ళకు, 2000 సంవత్సరంలో, పోలండ్ వైపు నుంచి వచ్చిన జంట ఒకటి శాక్సనీలో పిల్లలను కన్నది. ఆ ఊళ్ళ వారి దృష్టిలో అది కొత్త జంతువే, ఎందుకంటే తోడేలును చూసిన తాతలు ఎవరూ మిగలలేదు. చరిత్ర దృష్టిలో అది ఇల్లు చేరిన జంతువు. జ్ఞాపకానికి ఆయుష్షు మూడు తరాలు. జంతువుల రాకపోకలకు ఆ లెక్క సరిపోదు.

ఇక దారుల సంగతి. మొదటిది, మనిషి తన చేతులతో మోసుకుపోయే దారి. దీనికి ఆస్ట్రేలియా కుందేళ్ళను అందరూ ఉదాహరణగా చెబుతారు. నేనూ చెబుతాను, అయితే అందరూ వదిలేసే భాగాన్ని. 1788లో మొదటి నౌకాదళంతోనే కుందేళ్ళు అక్కడికి వెళ్ళాయి. ఆ తరువాత డెబ్బై ఏళ్ళలో ఎన్నోసార్లు తెచ్చారు, వదిలారు. అవి ఎక్కడివక్కడే ఉండిపోయాయి లేదా చచ్చిపోయాయి. 1859 చివర థామస్ ఆస్టిన్ అనే భూస్వామి వేట వినోదం కోసం ఇంగ్లండు నుంచి 24 కుందేళ్ళను విక్టోరియాలోని తన ఎస్టేటుకు తెప్పించుకున్నాడు. ఖండాన్ని నింపినవి ప్రధానంగా ఆ గుంపు సంతానమేనని 2022లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది. ముందు వచ్చినవి ఎక్కువగా పెంపుడువి. ఆస్టిన్ తెచ్చిన వాటిలో అడవి కుందేలు రక్తం ఉంది. పైగా అప్పటికి పచ్చిక బయళ్ళు విస్తరించాయి, వేటాడే జంతువులను రైతులు చంపేశారు. తగిన జంతువు, తగిన నేల, తగిన సమయం కలిసినప్పుడే గడప దాటుతుందన్నమాట. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1901 నుంచి 1907 దాకా కట్టిన కంచెల్లో మొదటిది ఒక్కటే 1,833 కిలోమీటర్ల పొడవు. కంచె పూర్తికాకముందే కుందేళ్ళు అవతలి పక్కన ఉన్నాయి.

నిజానికి పరాయి చోట దిగిన జంతువుల్లో ఎక్కువ భాగం నిలవవు. జతకు తోడు దొరకదు, గుంపుగా ఉంటే తప్ప శత్రువును పసిగట్టలేవు, ఒక్క చలికాలం గట్టిగా వస్తే ఉన్న పదీ పోతాయి. ఓడిపోయినవాటి చరిత్ర ఎవరూ రాయరు కనుక, గెలిచినవాటిని చూసి ప్రతి రాకడా దండయాత్రే అనుకుంటాం. అయితే గెలిచిన కొద్దిపాటి జంతువులూ ఎంత పని చేయగలవో చెప్పడానికి ఒక కప్ప గురించి కొంచెం తీరికగా మాట్లాడాలి.

మధ్య, దక్షిణ అమెరికాలకు చెందిన కేన్ టోడ్ అనే పెద్ద కప్పను 1935లో హవాయి దీవుల నుంచి ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌కు తెచ్చారు. తెచ్చినవి సుమారు వంద. ఉద్దేశం చెరకు పైరును తినే పెంకుపురుగులను నిర్మూలించడం. ఆ పురుగు పెద్దదైతే చెరకు గడ చివరి ఆకుల్లో ఉంటుంది, కప్ప అంత ఎత్తు ఎక్కదు. లార్వాగా ఉన్నప్పుడు మట్టిలో వేళ్ళ దగ్గర ఉంటుంది, కప్ప అంత లోతు తవ్వదు. ఇంత చిన్న విషయం ముందుగా ఎవరూ పొలంలో నిలబడి చూసుకోలేదంటే ఆశ్చర్యం వేస్తుంది. పురుగు అలాగే ఉండిపోయింది, కప్ప మాత్రం ఖండం మీద పడింది. ఆడ కప్ప ఒక్కసారికి వేల గుడ్లు పెడుతుంది. గుడ్డు, తోకకప్ప, పెద్ద కప్ప అన్నీ విషమే. విషపు కప్పలతో పరిచయం లేని ఆస్ట్రేలియా ఉడుములు, పాములు, క్వోల్ అనే పిల్లి పరిమాణపు మాంసాహారులు కప్పను నోట కరుచుకున్నవి కరుచుకున్నట్టే చచ్చాయి.

ఇంతవరకు చాలామందికి తెలిసిన కథే. దీని తరువాతి భాగం నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. మొదటి దశాబ్దాల్లో ఈ కప్పలు ఏడాదికి పది కిలోమీటర్ల చొప్పున ముందుకు జరిగేవి. తరువాత ఆ వేగం యాభై కిలోమీటర్లు దాటింది. 2006లో సిడ్నీ పరిశోధకులు కప్పల కాళ్ళు కొలిచి ఒక సంగతి కనుగొన్నారు: వ్యాప్తి అంచుకు ముందుగా చేరుకునే కప్పలకు, వెనుక ఉండిపోయిన వాటికంటే కాళ్ళు పొడవు. పందెంలో ముందున్నవాళ్ళు ముందున్నవాళ్ళతోనే జతకడతారు, ఎందుకంటే ఆ అంచున మరెవరూ ఉండరు. వాటి పిల్లలు ఇంకా వేగంగా పరుగెడతాయి. తరాలు గడిచేకొద్దీ అంచున వేగం పోగుపడుతూ పోతుంది. ఎక్కువ పిల్లలను మిగిల్చేవి నిలుస్తాయన్న ప్రకృతి ఎంపికకు తోడు, కేవలం దూరం పోగలిగినవి ఒకచోట కలవడం వల్ల జరిగే ఎంపిక ఇది. దానికి వెల కూడా ఉంది: అంచున ఉన్న పెద్ద కప్పల్లో పదింట ఒకదానికి వెన్నుపూసల వాపు కనిపించింది. వ్యాపించే జంతువు బయలుదేరినప్పటి జంతువుగానే గమ్యం చేరుతుందని అనుకోవడం పొరపాటని ఈ కప్ప చూపిస్తోంది.

ఎదుర్కొన్న జంతువులు కూడా ఊరుకోలేదు. కప్పలున్న ప్రాంతాల్లో ఎర్రపొట్ట నల్లపాముల శరీరంతో పోలిస్తే తల చిన్నదవుతూ వచ్చింది. తల చిన్నదైతే చంపేటంత పెద్ద కప్పను మింగలేదు, బతుకుతుంది. విషగ్రంథులు వీపు మీద ఉంటాయి కనుక కాకులు కప్పను వెల్లకిలా తిప్పి కడుపు వైపు నుంచి తినడం నేర్చుకున్నాయి. నీటి ఎలుకలు కొన్ని కప్పను కోసి గుండె, కాలేయం మాత్రమే తీసుకుంటాయి. శాస్త్రజ్ఞులు ఈ నేర్పునే ఆయుధం చేసుకున్నారు. దండు వచ్చే ముందే చిన్న కప్పలను ఉడుముల దగ్గర వదిలితే, వాటిని తిని వాంతి చేసుకున్న ఉడుములు ఆ తరువాత పెద్ద కప్పల జోలికి పోకుండా ప్రాణాలు దక్కించుకున్నాయి. కప్పల దండును ఆపలేమని తెలిసిన తర్వాత, వాటితో ఎలా బతకాలో ఉడుముకు చదువు చెప్పడం అనే ఆలోచన నాకు ఎంతో వివేకంగా తోస్తుంది.

రెండో దారి, మనం మోస్తున్నామని మనకే తెలియని దారి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో సైనిక సామగ్రితో పాటు ఒక గోధుమరంగు చెట్టుపాము పసిఫిక్‌లోని గువామ్ దీవికి చేరింది. అక్కడి పక్షులు పాము భయం ఎరుగవు. ఏటేటా అడవిలో పక్షుల కూతలు తగ్గుతూ పోయాయి. పురుగుమందులేమో, ఏదైనా రోగమేమో అని చాలాకాలం వెతికారు. కారణం పామేనని 1980లలో జూలీ సావిడ్జ్ అనే పరిశోధకురాలు నిరూపించే నాటికి ఆలస్యమైపోయింది. దీవిలోని 12 అడవిపక్షి జాతుల్లో 10 ఆ అడవుల నుంచి మాయమయ్యాయి. పక్షులు పోవడంతో సాలీళ్ళు పెరిగాయి. వానాకాలంలో పొరుగు దీవులకంటే నలభై రెట్లు ఎక్కువగా లెక్కతేలాయి. పండ్లు తిని గింజలు జారవిడిచే పక్షి లేక చెట్ల మొలకలు తగ్గాయి. పాము ఏ చెట్టునూ ముట్టలేదు, అయినా అడవి మారిపోయింది. ఒక ఉపకథ కూడా చెప్పి ముందుకు పోతాను: మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ ఈ పాములకు ప్రాణాంతకం. అందుకే చచ్చిన చిట్టెలుకల్లో ఆ మాత్ర పెట్టి, చిన్న కాగితపు గొడుగులు కట్టి హెలికాప్టర్ల నుంచి చెట్ల మీదికి వదిలారు.

ఓడల అడుగున సమతూకం కోసం నింపుకునే బ్యాలస్ట్ నీటిదీ ఇదే కథ. ఒక రేవులో నింపి మరో రేవులో పారబోసే ఆ నీటితోనే నల్లసముద్రం, కాస్పియన్ ప్రాంతాల జీబ్రా ఆల్చిప్ప ఉత్తర అమెరికా మహాసరస్సులకు చేరి, 1988లో బయటపడింది. ఆ నీటిని శుద్ధి చేశాకే వదలాలన్న అంతర్జాతీయ ఒప్పందం 2004లో కుదిరింది, అమలులోకి రావడానికి 2017 దాకా పట్టింది. ఆల్చిప్పలు అంతసేపు ఆగవు కదా.

మూడో దారిలో మనం జంతువును తాకనే తాకం, అడ్డుగోడను తొలగిస్తాం. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నప్పుడు ఎర్ర సముద్రపు జీవులకు మధ్యధరా సముద్రపు తలుపు తెరుచుకుంది. మొదట్లో ఒక అడ్డు ఉండేది: కాలువ మధ్యనున్న చేదు సరస్సుల అడుగున పేరుకున్న ఉప్పు వల్ల ఆ నీరు చేపలు దాటలేనంత ఉప్పగా ఉండేది. దశాబ్దాల పాటు నీరు పారి ఆ ఉప్పు కరిగింది, మధ్యధరా నీరు వెచ్చబడింది, కాలువను పదేపదే వెడల్పు చేశారు. నేడు తూర్పు మధ్యధరాలో సముద్రపు నాచును నున్నగా మేసేసే కుందేలు చేపలు, విషపు బుడగ చేపలు, 2012 నుంచి లయన్ ఫిష్ జాలర్ల వలల్లో పడుతున్నాయి.

అడ్డుగోడ అంటే నీరూ కొండా మాత్రమే కాదు, మరో జంతువు కూడా అడ్డుగోడే. ఈ విషయం అర్థం కావాలంటే కొయోటీని, నక్కను పక్కపక్కన పెట్టి చూడాలి. కొయోటీ ఉత్తర అమెరికా పశ్చిమ మైదానాల, ఎడారుల జంతువు. తోడేలు కంటే చిన్నది, నక్క కంటే కొంచెం పెద్దది. తూర్పు అడవుల్లో తోడేళ్ళు ఉన్నంతకాలం అటువైపు దాని పప్పు ఉడకలేదు. పశువుల కోసమని మనిషి తోడేళ్ళను విషం పెట్టి, ఉచ్చులు పన్ని, తుపాకులతో తుడిచిపెట్టాడు. అడవులు నరికి పొలాలు చేశాడు. ఆ ఖాళీలోకి కొయోటీ నడిచింది. 1900 తరువాత దాని ఉనికి పరిధి కనీసం 40 శాతం పెరిగిందని లెక్క. మహాసరస్సుల ప్రాంతంలో మిగిలిన కొద్ది తోడేళ్ళతో జతకట్టడం వల్ల తూర్పు కొయోటీ పడమటి దానికంటే పెద్దదైంది. 1980లలో సముద్రపు మంచు మీదుగా న్యూఫౌండ్‌లాండ్ దీవికి కూడా చేరింది. గమనించండి: ఇదంతా జరుగుతున్నంతకాలమూ కొయోటీలను లక్షల్లో చంపుతూనే ఉన్నారు.

ఐరోపాలో నక్కది సరిగ్గా ఇలాంటి ప్రయాణం. పొట్టిగా, తెలివిగా, దొరికినది తిని బతికే, మనకు సుపరిచితమైన ఆ నక్కే. 20వ శతాబ్దం మధ్య వరకు అది ఐరోపాలో బాల్కన్ ప్రాంతానికి, నల్లసముద్ర తీరాలకు పరిమితమై ఉండేది. తోడేళ్ళు తగ్గాయి, విషపు ఎరల వాడకం కొన్నిచోట్ల ఆగింది, బల్గేరియా 1962లో దానికి రక్షణ కల్పించింది. నక్క ఉత్తరానికి కదిలింది. 2007లో ఆస్ట్రియాలో పిల్లలను పెట్టింది. 2013లో ఎస్టోనియాలో, 2015లో డెన్మార్క్‌లో, 2016లో నెదర్లాండ్స్‌లో, 2020లో నార్వే ఉత్తరపు కొసన ధ్రువవలయానికి అవతల కూడా కనిపించింది. బాల్టిక్ దేశాల్లో మొదట్లో దీన్ని ఎవరో తెచ్చి వదిలిన పరాయి జంతువుగా అనుమానించారు. జన్యువులు పరిశీలిస్తే అవి ఆగ్నేయ ఐరోపా నుంచి, కాకసస్ నుంచి కాలినడకన వచ్చినవేనని తేలింది. ఈ తేడా శాస్త్రజ్ఞుల కాలక్షేపం కోసం కాదు. మనిషి తెచ్చిన జంతువైతే చట్టం నిర్మూలించమంటుంది; తనంతట తాను వచ్చినదైతే అదే చట్టం దానికి కొంత చోటివ్వమంటుంది. మరి తోడేళ్ళను చంపి దారి చేసినది మనిషే అయినప్పుడు, ‘తనంతట తాను’ అన్న మాటకు ఎంత అర్థం మిగులుతుంది? చట్టాలు రాసినవారు ఈ మధ్యస్థితిని ఊహించలేదని నా అభిప్రాయం.

ఆ ఇబ్బంది నాలుగో దారి దగ్గర ఇంకా పెరుగుతుంది. భూగోళం వేడెక్కుతున్నకొద్దీ జీవులు తమకు అలవాటైన చలినీ వేడినీ వెతుక్కుంటూ ధ్రువాల వైపు, కొండల పైకి జరుగుతున్నాయి. 2011లో అనేక పరిశోధనలను కలిపి కట్టిన లెక్క ప్రకారం నేల మీది జీవులు సగటున దశాబ్దానికి సుమారు 17 కిలోమీటర్లు ధ్రువాల దిశగా, 11 మీటర్లు ఎత్తుకు జరిగాయి. సముద్రంలో గోడలు తక్కువ కనుక అక్కడి వ్యాప్తి అంచు దశాబ్దానికి 72 కిలోమీటర్ల చొప్పున కదిలింది. కొండ మీది జీవికి ఒక చిక్కుంది, శిఖరం తరువాత ఎక్కడానికి ఏమీ ఉండదు.

అలాస్కా పశ్చిమాన చెట్లు లేని ధ్రువమైదానం ఉంది. 1950 ప్రాంతంలో విమానాల నుంచి తీసిన ఛాయాచిత్రాల్లో అక్కడ బీవర్ అనే పెద్ద ఎలుకజాతి జంతువు కట్టిన చెరువు ఒక్కటీ కనబడదు; ఇటీవలి ఉపగ్రహ చిత్రాల్లో పదకొండు వేలకు పైగా లెక్కకు వచ్చాయి. చలి తగ్గి వాగుల ఒడ్డున పొదలు పెరిగాయి, పొదలతో పాటు వాటిని కొరికి ఆనకట్టలు కట్టే బీవర్ వచ్చింది. అయితే అది ఊరికే వచ్చి కూర్చునే జంతువు కాదు. ఆనకట్ట వెనక నిలిచిన నీరు ఏళ్ళ తరబడి గడ్డకట్టి ఉన్న నేలను కరిగిస్తుంది, కరిగిన నేల మీద పొదలు ఇంకా పెరుగుతాయి, అంటే వచ్చిన దారిని వచ్చిన జంతువే వెడల్పు చేసుకుంటోంది. చేపలు ఎలా మారుతున్నాయి, పడవలు నడిచే వాగులు ఏమవుతున్నాయి అన్నది అక్కడి ఆదివాసీ పల్లెల రోజువారీ చింత.

సముద్రంలోనూ ఇదే. బంగడా కుటుంబానికి చెందిన అట్లాంటిక్ మాకరెల్ చేప 2000ల మధ్యలో ఐస్‌లాండ్ నీళ్ళలోకి మందలుగా వచ్చింది. అంతకుముందు దాదాపు పట్టని ఆ దేశం 2008 నాటికి ఏటా లక్ష టన్నులకు పైగా పట్టింది. చేప వెళ్ళింది కానీ వాటాల ఒప్పందాలు పాతవే ఉండడంతో ఐరోపా సంఘం, నార్వే, ఐస్‌లాండ్, ఫారో దీవుల మధ్య ఏళ్ళ తరబడి తగవు నడిచింది. ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మేనియాలో పొడవాటి ముళ్ళ సీ అర్చిన్ 1978లో మొదటిసారి కనిపించింది. దాని లార్వా ఎదగాలంటే చలికాలంలో కూడా నీరు సుమారు 12 డిగ్రీలుండాలి. వెచ్చని తూర్పు ప్రవాహం దక్షిణానికి సాగడంతో ఆ హద్దు దాటింది. అది కెల్ప్ అనే పెద్ద నాచు అడవులను బోడిగుండు చేస్తుంది. కాని నీటి వేడి ఒక్కటే కారణం కాదు. ఈ ముళ్ళ జీవిని చీల్చి తినగలిగిన పెద్ద లాబ్‌స్టర్లను జాలర్లు అంతకుముందే పట్టేశారు. తోడేలు లేని అడవికి కొయోటీ వచ్చినట్టే, కాపలా లేని సముద్రానికి ఇది వచ్చింది.

ఇంతా విన్నాక ‘మరి ఏం చెయ్యాలి’ అని మీరు అడగడం న్యాయమే. 2023లో ప్రపంచ జీవవైవిధ్య వేదిక విడుదల చేసిన నివేదిక ప్రకారం మనుషుల వల్ల కొత్త చోట్ల స్థిరపడిన మొక్కలు, జంతువులు, ఇతర జీవుల జాతులు 37,000కు పైగా. హాని చేస్తున్నవిగా నిరూపణ ఉన్నవి 3,500కు పైగా. 2019లో వాటివల్ల నష్టం 423 బిలియన్ డాలర్లు. వీటిలో మొదటి రెండు సంఖ్యల మధ్య ఉన్న ఎడాన్ని కూడా చూడమని కోరుతున్నాను. పదింట తొమ్మిది జాతులు హానికరమని తేలలేదు. కాబట్టి ఎక్కడి నుంచి వచ్చిందన్న దాని మీద కోపం పెంచుకోవడం కంటే, ఏం చేస్తోందన్నది చూడడం మేలు. అలాగని పదో జాతిని ఉపేక్షించకూడదు, తొందరపడవలసిన చోట తొందరపడాలి.

తొందరపడి గెలిచినవారు ఉన్నారు. బొచ్చు కోసం దక్షిణ అమెరికా నుంచి బ్రిటన్‌కు తెచ్చిన కోయ్‌పు అనే పెద్ద నీటి ఎలుక తప్పించుకుని తూర్పు ఇంగ్లండు కాలువ గట్లను తొలిచేసింది. 1981లో మొదలైన నిర్మూలన 1989లో పూర్తయింది. ఉచ్చులు పన్నే ఉద్యోగికి చివరి జంతువును పట్టిన రోజే ఉద్యోగం పోతుంది కనుక ఒకటి రెండు మిగల్చాలని అనిపించడం సహజం. అందుకని, పని త్వరగా ముగిస్తే పెద్ద మొత్తం బహుమానంగా ఇస్తామని ముందే ఒప్పందం రాసుకున్నారు. మనిషి స్వభావాన్ని లెక్కలోకి తీసుకున్న ఇలాంటి పథకాలు అరుదు. దక్షిణ అట్లాంటిక్‌లోని దక్షిణ జార్జియా దీవిలో సీల్ వేటగాళ్ళ ఓడల్లో వచ్చిన ఎలుకలను హెలికాప్టర్లతో విషపు ఎర చల్లి అంతం చేసి, 2018లో ఎలుకలు లేని దీవిగా ప్రకటించారు. అక్కడ తొందరకు వేరే కారణం ఉంది: హిమానీనదాలు దీవిని గదులుగా విడదీసి ఉంచాయి, ఒక్కో గదిని శుభ్రం చేసుకుంటూ పోవచ్చు, అవి కరిగిపోతే గోడలు పోయి ఎలుకలన్నీ కలిసిపోయేవి.

తొందరలో క్రమం తప్పితే ఏమవుతుందో ఆస్ట్రేలియా, అంటార్కిటికాల మధ్యనున్న మక్వారీ దీవి చెబుతుంది. అక్కడ సముద్రపక్షులను తింటున్న పిల్లులను 2000 నాటికి తొలగించారు. పిల్లులు కుందేళ్ళను కూడా తినేవి. అవి పోయాక కుందేళ్ళు పెరిగి కొండవాలుల గడ్డి అంతా మేసేశాయి. మళ్ళీ కుందేళ్ళను, ఎలుకలను, చిట్టెలుకలను కలిపి తొలగించి, 2014లో ఊపిరి పీల్చుకున్నారు. ఇక ఉపేక్షకు కొలంబియా ఉదాహరణ చాలు. మాదకద్రవ్యాల ముఠా నాయకుడు పాబ్లో ఎస్కోబార్ తన సొంత జంతుశాలకు తెచ్చుకున్న నాలుగు నీటిగుర్రాలను 1993లో అతను చనిపోయాక ఎవరూ పట్టించుకోలేదు. నాలుగింటిని లారీలో ఎక్కించడం ఒక వారం పని. ఇప్పుడు మగ్దలేనా నదీతీరంలో అవి సుమారు రెండు వందలు. 2022లో ఆక్రమణ జాతిగా ప్రకటించారు. 2009లో ఒక దాన్ని కాల్చితే దేశమంతా గగ్గోలు పుట్టింది. జనం వాటిని ప్రేమిస్తున్నారు, ఆ ప్రేమను వెక్కిరించడం నాకిష్టం లేదు, అయితే అదే నదిలోని మానటీ అనే నీటి ఆవులకూ తాబేళ్ళకూ అలా గగ్గోలు పెట్టేవారు లేరు.

కొన్నిసార్లు చంపడం కంటే గోడను తిరిగి కట్టడం మంచి మందు. బ్రిటన్‌లోనూ ఐర్లండ్‌లోనూ అమెరికా బూడిదరంగు ఉడుత స్థానిక ఎర్ర ఉడుతను తరిమేసింది, తాను చావని ఒక పాక్స్ వైరస్‌ను దానికి అంటించింది. దశాబ్దాలుగా ఉచ్చులతో తుపాకులతో సాధ్యం కానిది, ఐర్లండ్‌లో పైన్ మార్టెన్ అనే చెట్లెక్కే చిన్న వేటజంతువు కోలుకోవడంతో సాధ్యమైంది. బరువైన బూడిద ఉడుత దానికి దొరికినంత సులువుగా, ఆ శత్రువు ఎరిగిన తేలికపాటి ఎర్ర ఉడుత దొరకదు. మార్టెన్ తిరిగొచ్చిన అడవుల్లో ఎర్ర ఉడుతలూ తిరిగొచ్చాయి.

చివరిగా మళ్ళీ కొయోటీ దగ్గరికి వెళ్ళి ముగిస్తాను. తూర్పుకు నడిచినట్టే అది దక్షిణానికీ నడిచింది. 1980ల ఆరంభంలో పనామాకు చేరింది, గత దశాబ్దంలో పనామా కాలువ దాటింది. దక్షిణ అమెరికా నుంచి పీతలు తినే నక్క అనే మరో జంతువు సరిగ్గా ఎదురుదిశలో ఉత్తరానికి వస్తోంది; తూర్పు పనామాలో ఇప్పుడు రెండూ ఉన్నాయి. సుమారు ముప్పై లక్షల ఏళ్ళ కిందట ఆ భూసంధి ఏర్పడినప్పుడు రెండు ఖండాల జంతువులు ఇలాగే ఒకదాని ఎదుట ఒకటి నడిచాయి. కొయోటీకీ దక్షిణ అమెరికాకూ మధ్య ఇప్పుడు మిగిలినది డేరియన్ అనే దట్టమైన అడవి ఒక్కటే. కొయోటీకి దట్టమైన అడవి నచ్చదు, అక్కడ జాగ్వార్ ఉంటుంది. ఆ అడవిని అంచుల నుంచి నరికి పశువుల బయళ్ళు చేస్తున్నారు. చెట్లకు కట్టిన కెమెరాల్లో కొయోటీ ఏ నెల కనబడుతుందా అని పరిశోధకులు చూస్తున్నారు. ఆ కొత్త బయళ్ళలో మేస్తున్న పశువుల కాళ్ళ దగ్గర తెల్ల కొంగలు ఇప్పటికే తిరుగుతున్నాయి.

ఇంతసేపు ఓపికగా విన్నందుకు కృతజ్ఞతలు. నమస్కారం.